సలోమి టీచర్ డిక్టేషన్

ప్రొద్దుటూరులో స్పీకర్లు అమ్మే ఏ దుకాణానికి వెళ్లినా ముందు గుండెలదిరే పాట పెడతారు. మొన్నా అంతే. అల్మారా అద్దాలు గజగజలాడాయి. "బేస్ చూడక్కా, ఎట్ల కొడ్తాందో" అన్నాడు దుకాణదారు, తానే వాయిస్తున్నంత గర్వంగా. ఇంట్లో కంప్యూటర్‌కు కావాలయ్యా, జాతరకు కాదు అని, నా ఫోన్లోని రికార్డింగు ఒకటి పెట్టించాను. ఒక పెద్దావిడ గొంతు తొందరలేకుండా పలకసాగింది: "సజ్జలు... చద్దన్నం... శనక్కాయలు..." అతను నన్ను వింతగా చూశాడు. నేను గోడవైపు తిరిగి నిలబడి వింటున్నాను. ఆ గొంతు మా సలోమి టీచర్‌ది.

ఆమె జమ్మలమడుగులో మా వీధిలోనే ఉండేవారు. బళ్లో మాకు తెలుగు చెప్పారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే మైకు లేకుండానే చివరి వరుసకు వినిపించేది. డిక్టేషన్లో ఏ మాటనూ రెండోసారి చెప్పేవారు కాదు. ఎంత బతిమాలినా చెప్పరు. "రెండుసార్లు చెప్తారని తెలిస్తే మొదటిసారి ఎవురూ వినరు" అనేవారు. ఆమె తరగతిలో మేము ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. నాకైతే ఆమె అంటే హడల్.

మా నాన్న గొర్రెలు కాసేవాడు. మెడగంట చప్పుడును బట్టి ఏ గొర్రె ఎక్కడుందో చెప్పగలిగిన మనిషికి నలభై నిండకముందే ఆ గంటలు వినపడకుండా పోయాయి. అందుకే, డిగ్రీ అయ్యాక టీచరు ఉద్యోగ పరీక్ష కోసం కంప్యూటర్లో పాఠాలు వింటుంటే మాటలన్నీ ముద్దముద్దగా వినిపించేసరికి నాకు భయం పట్టుకుంది. సౌండు పెంచేకొద్దీ మరింత అధ్వాన్నం. నాన్న చెవులే నాకూ వచ్చాయనుకున్నాను. పిల్లలు చెప్పేది వినలేనిదాన్ని బళ్లో ఏం చేస్తాను? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పుస్తకాలు అటకెక్కించాను.

ఆ మరునాడు పొద్దునే టీచర్ మా ఇంటికి వచ్చారు, రోజూ వీధంతా వినిపిస్తున్న ఆ పాఠాల మోత తగ్గించమని చెప్పడానికే. కోప్పడతారనుకుంటే, నా ముఖం చూసి ఏమైందని అడిగారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. వంటింట్లోకి వెళ్లి, తెర చాటునుంచి మామూలు గొంతుతో మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కోటీ తిరిగి చెప్పాను. పెరట్లోంచి చెప్పారు. అవీ చెప్పాను.

అప్పుడు వచ్చి మా స్పీకర్లను పైకీ కిందకీ చూశారు. పులివెందులలో మా మేనమామ పెళ్లిళ్లకు సౌండ్ సెట్లు అద్దెకిచ్చేవాడు. మేనకోడలి చదువుకని తన దగ్గరున్న వాటిలో పెద్ద పెట్టెలే ప్రేమగా తెచ్చి, కంప్యూటర్‌కు తగిలించి పోయాడు. మా గదిలో నేలా గోడలూ పైకప్పూ అన్నీ నాపరాళ్లే.

"నీ చెవులు శానా బాగుండాయి పాపా" అన్నారు టీచర్. "ఇవి ఊరంతా వినేదానికి చేసిన పెట్టెలు. ఈ బండల గదిలో పెడితే మాట యాడికి పోతాది? గోడలకు కొట్టుకోని మళ్లీ నీమీదికే వస్తాది."

మళ్లీ ఏడ్చాను. ఈసారి గుండెలమీద బండ దించినట్టయి ఏడ్చాను.

మరుసటి రోజే ప్రొద్దుటూరు బస్సెక్కాం. వెళ్లేముందు డిక్టేషన్ చెప్పి నా ఫోన్లో రికార్డు చేయించారు. దుకాణంలో పాటలు వద్దన్నారు, సౌండు బాగా తగ్గించమన్నారు, నన్ను గోడవైపు నిలబెట్టి, ఒక్కో జతలోనూ ఆ మాటలే పెట్టించారు. అంత నెమ్మదిలోనూ "శనక్కాయలు" అని ఏ జతలో విడివిడిగా వినిపించిందో దాన్నే కొన్నాం. కంప్యూటర్ తెరకు అటొకటీ ఇటొకటీ చెవుల ఎత్తున పెట్టి, వెనక గోడకు పాత దుప్పటి వేలాడదీశాం. "మా పాపకు అగ్గిపెట్టెలు కొనిపిచ్చినావే టీచరమ్మా" అని మామ చాలాకాలం మూతి ముడుచుకున్నాడు. ఆ అగ్గిపెట్టెల్లో విన్న పాఠాలతోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా తరగతిలోనూ డిక్టేషన్ మాట ఒక్కసారే.

టీచర్ పోయారు. ఆ జత కూడా మొన్నటి వానకు తడిసి మూగబోయింది. నాన్నకు చెవులు పోయిన వయసు నేనూ దాటాను. కాబట్టి గోడవైపు తిరిగి నిలబడ్డప్పుడు పరీక్ష స్పీకర్లకు మాత్రమే కాదు. దుకాణదారు సౌండు ఇంకా తగ్గించాడు. సజ్జలు వినిపించాయి, చద్దన్నం వినిపించింది, అన్నీ వినిపించాయి.

మాటలన్నీ అయ్యాక రికార్డింగు అక్కడితో ఆగదు. తర్వాత, ఏ పిల్లకూ ఏ మాటా రెండోసారి చెప్పని ఆవిడ గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నీ వినపడినాయా పాపా? లేకుంటే ఇంగోసారి చెప్తా."

"వినపడినాయి టీచర్" అన్నాను, గోడవైపు చూస్తూనే.