మెల్లగా కొట్టడం రాని మామ

మామ ప్రభువునందు నిద్రించాడని మడికొండ నుంచి మనిషి వచ్చి చెప్పాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. మా క్రైస్తవుల ఇళ్లలో చావు కబురు అలాగే చెప్తారు. కానీ నిద్ర అన్న మాట మామకు ఏమాత్రం అతకలేదు. అన్నం ముందు కూర్చున్నా కంచం మీద వేళ్లతో దరువు వేసే మనిషి. "జర సప్పుడు ఆపుతవా?" అని అత్త కసిరితే, "నేనాపుత గని, ఇవి ఆగుతలేవే" అని వేళ్లు చూపించేవాడు.

నాకు నడక నేర్పింది కూడా ఆ వేళ్లేనట. రేకు డబ్బా వాయిస్తూ ముందు మామ, వెనక తప్పటడుగులతో నేను. ఆడపిల్లకు ఆ ఉరుకులాట నడకేమిటని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. నాకు ఆ నడకే ఇష్టం.

మామ మొదట చర్చిలో డ్రమ్ము వాయించాడు. కీర్తన సగంలో ఉండగానే మామ దరువు ముగిసేది. ముసలమ్మలు ఊపిరందక కూర్చుండిపోయేవారు. "ప్రభువుకేం తొందర లేదయ్యా" అని పాస్టరుగారు మెత్తగా సాగనంపారు.

డెబ్బైల చివర్లో కాజీపేట నుంచి ముగ్గురు కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని మామను వెతుక్కుంటూ వచ్చారు. ఒక క్యాసెట్టు వినిపించారు. అందులో ఎవరో లండన్ పిల్లలు కోపంగా అరుస్తున్నారు, వెనక డ్రమ్ము పరుగెడుతోంది. దాన్ని పంక్ అంటారట. మామ కళ్లు తుడుచుకున్నాడు. "నాలెక్క కొట్టేటోడు ఇంకోడున్నడు బిడ్డా" అన్నాడు. అంత సంతోషంగా మామను నేను మళ్లీ చూడలేదు.

ఆ బ్యాండు ఒకే ఒక్కసారి వేదిక ఎక్కింది. రెండో పాటకే జనం సినిమా పాట కావాలని గోల చేసి మైకు తీయించారు. మైకు లేకున్నా మామ కొడుతూనే ఉన్నాడు. తర్వాత కుర్రాళ్లు ఉద్యోగాలు దొరికి తలో దిక్కూ పోయారు. మామ సినిమా పాటల ఆర్కెస్ట్రాలో చేరితే, ఆయన వెంట పరుగెత్తలేక గాయకుడు ఏడ్చినంత పని చేశాడు.

చివరికి పెళ్లి బ్యాండు. తొర్రూరులో ఒక పెళ్లి. ఎదుర్కోళ్లంటే తెలిసిందే, పెళ్లికొడుకు ఊరేగింపు, అదే బరాతు, దారిలో ఉండగానే ఆడపెళ్లివారు ఎదురెళ్లి తోడ్కొని రావాలి. మామ దరువుకు పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం ఉరికింది, దాని వెనక బరాతంతా ఉరికింది. ఆడపెళ్లివారు ఇంకా పానకం కలుపుతుండగానే పెళ్లికొడుకు వాకిట్లో దిగాడు. "మాకు ఎదురొచ్చే దిక్కే లేదా?" అని మగపెళ్లివారు అలిగారు. బ్యాండు మేస్త్రీ అక్కడే మామ మెడలోంచి డ్రమ్ము తీసేసుకున్నాడు. ఆ ముచ్చట చెప్పుకుని మేం ఏళ్ల తరబడి నవ్వాం. మామ మాత్రం నవ్వేవాడు కాదు. మళ్లీ ఏ బ్యాండూ పిలవలేదు.

పోయే ముందు దవాఖానలో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "నన్ను తీస్కపోయేటప్పుడు మెల్లగ కొట్టనియ్యకు బిడ్డా. మెల్లగ కొడితే ఓడిపోయిన్నని ఒప్పుకున్నట్టే."

"ఫికర్ చెయ్యకు మామా" అన్నాను.

సమాధుల తోటకు బయల్దేరేముందు, చావు బ్యాండులో డ్రమ్ము కొట్టే అబ్బాయికి ఆ మాట చెప్పాను. "సావుకు గట్ల కొట్టరక్కా. అయినా గంత జల్ది ఎవ్వరికొస్తది? ఆయనకొక్కనికే ఒచ్చేది" అన్నాడు. పాపం, నా మొహం చూసి ప్రయత్నించాడు. నాలుగు దెబ్బలకే చేయి తడబడింది. బాకా ఊదేవాడు వెనకబడ్డాడు. పెట్టె మోసేవాళ్లు తూలారు. "ఏందిర ఈ కొట్టుడు?" అని పెద్దలెవరో గద్దించారు. దరువు మళ్లీ మెల్లబడింది.

అలా మెల్లగానే సాగింది, దారి పొడుగునా. నేనైనా ఆ దరువుకు అడుగు వేయకూడదనుకున్నాను. మామ నేర్పిన నడకే నడుద్దామని రెండడుగులు గబగబా వేశాను. ముందు మామ పెట్టె అడ్డొచ్చింది.