బాపు సరిచేసిన స్టిక్కర్లు

నా చెవి వెనక ఎముకలో గడ్డ ఉందని జగిత్యాల డాక్టరు చెప్పినప్పుడు, నా తలలో ఏదో ఒకటి ఉన్నట్టు తేలినందుకు మా స్టాఫ్‌రూం మొత్తం సంతోషించి ఉంటుంది. కోరుట్లలో నేను లెక్కల టీచర్ని. ఆపరేషన్‌కు హైదరాబాద్ పంపారు.

అక్కడి సర్జన్ మంచివాడే కానీ, చెడ్డ వార్త కూడా పాఠం చెప్పినట్టు చెప్తాడు. ఎముకను డ్రిల్లుతో తొలచాలట. ముఖాన్ని కదిలించే నరం ఆ ఎముకలోంచే పోతుందట. దానికి డ్రిల్లు తగిలితే సగం ముఖం జారిపోతుంది, నవ్వు ఒక పక్కే వస్తుంది. అలా కాకుండా ఒక మెషీన్ ఉంది. డ్రిల్లు ఎక్కడుందో స్కాన్ బొమ్మ మీద చూపిస్తూ ఉంటుంది.

"ఫోన్ల దారి సూపినట్టా సారూ?" అని నాకు తోడుగా వచ్చిన మా నాన్న, మా బాపు, అడిగాడు. "మొన్న కథలాపూర్ల పెండ్లికి గట్లనే పోతే వరిపొలంల దించింది."

సర్జన్ నవ్వలేదు.

మెషీన్ దారి తప్పకుండా నా నుదుటి మీద, చెవుల వెనక గుండ్రటి స్టిక్కర్లు అంటించి స్కాన్ తీశారు. తెల్లారి ఆపరేషన్‌లో వాటిని ఆనవాళ్లుగా పెట్టుకుని బొమ్మనూ తలనూ కలుపుతారు. అవి ఇసుమంత కదలకూడదని నర్సు నాకు మూడుసార్లు చెప్పింది. బాపుకు చెప్పలేదు. ఆయన అప్పుడు టీ కోసం కిందికి పోయాడు.

బాపు సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేశాడు. ఒక్క పోగు పక్కకు పోయినా ఆయనకు అన్నం సహించదు. మా ఇంట్లో క్యాలెండర్ కూడా భయంభయంగా నిటారుగా వేలాడుతుంది. అలాంటి మనిషి ఎదుట నా నుదుటి మీద నాలుగు స్టిక్కర్లు కావాలనే ఎగుడుదిగుడుగా అంటించి పోయారు.

మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకున్నాను. నుదుటికి బాపు వేళ్లు తగిలాయి. జ్వరం చూస్తున్నాడనుకున్నాను. ఒక స్టిక్కరు ఊడి, కాస్త పక్కన అంటుకుంది. తర్వాత ఇంకోటి. ఆపాలని నాకు తెలుసు. కానీ నేను పెద్దమనిషినయ్యాక బాపు నన్ను తాకలేదు. మా ఇళ్లలో తండ్రులు తాకరు. ఆ చెయ్యి అక్కడే ఇంకాసేపు ఉండాలనిపించింది. నలభై దాటిన లెక్కల టీచరు, సగం ముఖాన్ని పణంగా పెట్టి దొంగనిద్ర పోయింది.

తెల్లారి స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా తీసుకుపోయారు. సర్జన్ అక్కడే ఉన్నాడు. "స్టిక్కర్లు ఎవరూ ముట్టుకోలేదు కదమ్మా?" అని నర్సు అడిగింది. చెబితే అందరి ముందు బాపుకు తిట్లు పడతాయి. పైకప్పు మీది లైట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బాపు స్ట్రెచర్ పట్టుకుని ఆపాడు.

"సారూ, గవి నేను జరిపిన. వంకరగున్నయని సక్కగ పెట్టిన. ముట్టద్దని నాకు ఎరుకలేదు."

మెషీన్ తేడా పట్టుకునేదేమో, పట్టుకోకపోతే మీ అమ్మాయి ముఖం ఏమయ్యేదని సర్జన్ ఆయనను దులిపేశాడు. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"బాపును అనకుండ్రి సార్. నేను మేల్కొనే ఉన్న."

"మరి ఎందుకు ఆపలేదు?"

"చిన్నప్పటి సంది బాపు నా తల ముట్టలే సార్. గందుకే."

సర్జన్ చదివిన పుస్తకాల్లో ఈ పాఠం ఉన్నట్టు లేదు. ఆపరేషన్ మర్నాటికి మార్చి, మళ్లీ స్కాన్ రాశాడు. నా నవ్వు ఇప్పటికీ రెండు పక్కలా వస్తుంది.

ఆ రోజు కొత్త స్టిక్కర్లు అంటించేటప్పుడు, తల కదలకుండా పట్టుకోమని నర్సు బాపునే పిలిచింది. ఆయన రెండు అరచేతులతో నా తల పట్టుకున్నాడు. అయిపోయింది, వదిలెయ్యండి అని ఆమె చెప్పాక కూడా వదల్లేదు.