నెవేనా జతల పుస్తకం

నెవేనా స్తానెవా కోసం ఎవరు వెళ్లినా ముందు కనిపించేది ఆమె వీపే. తల ఎప్పుడూ ఏదో ఒక కంప్యూటరు పొట్టలో ఉంటుంది. లోవెచ్ ఊరి పఠనాలయం నేలమాళిగలో శనివారం పొద్దున్నే చేరుతుంది. పై అంతస్తులో ఆడవాళ్లు నాట్యం సాధన చేసేటప్పుడు సున్నం పెచ్చులు రాలి జుట్టు మీద పడతాయి. దులుపుకోదు. వయసు అరవై తొమ్మిది. పూర్వం కంప్యూటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు టంకం పెట్టింది. అది మూతపడ్డాక బేకరీలో బానిత్సాలనే జున్ను పొరల రొట్టెలు కాల్చింది. రెండూ ఒకే పని అంటుంది: "వేడి ఎక్కువైతే మాడిపోద్ది, తక్కువైతే అంటుకోదు. అంతే కదా!"

ఆ నేలమాళిగకు వచ్చేవాళ్లకు బొమ్మల తెరలు గిట్టవు. నల్లతెర, దాని మీద మిణుకుమనే చిన్న గీత, అక్కడ అక్షరం అక్షరం కొట్టి ఇచ్చే ఆజ్ఞ. వాళ్ల లోకం అదే. పాత డాస్ పద్ధతిలో నడిచే వ్యవస్థను దేశదేశాల అభిమానులు ఇప్పటికీ రాస్తూ ఉచితంగా పంచుకుంటారు కాబట్టి దానికి కొదవ లేదు. చిక్కంతా యంత్రాలతోనే. ఈ కార్డు ఆ బోర్డులో కూర్చోదు. కూర్చుంటే పక్క కార్డుతో పడదు. పడిందనుకుంటే ప్రింటరు అలుగుతుంది. తిరిగిన ప్రతి దేశంలోనూ పెళ్లిళ్ల పేరయ్యలను చూశాను గానీ నెవేనాకున్న ఓపిక ఒక్కరిలోనూ చూడలేదు. ఏది దేనితో కలుస్తుంది, ఏది దేనితో పోట్లాడుతుంది అని ముప్ఫై ఏళ్లుగా ఒక గళ్ల పుస్తకంలో రాస్తూ వచ్చింది. యంత్రానికో పేజీ. దాన్ని అందరూ జతల పుస్తకం అంటారు. రూసె నుంచి, వార్నా నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతారు. పేజీ తిప్పకుండానే చెబుతుంది.

ఈ ఏడు ఏప్రిల్లో స్పాస్ గెర్చెవ్ కర్ర తాటించుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. పసితనంలోనే చూపు పోయినవాడు. అంధుల సహకార సంఘంలో నలభై ఏళ్లు బ్రష్షులు కట్టాడు. సంఘం ఎత్తేశాక, పదకొండేళ్లుగా దాని చరిత్ర రాస్తున్నాడు. ఎవరిది ఏ బల్ల, ఎవరు ఎవరిని పెళ్లాడారు, పందివెంట్రుకలు కట్టడంలో ఎవరి వేళ్లకు ఎంత చురుకు. బొమ్మల తెర ఆయనకు గోడతో సమానం. నల్లతెర మీద ఉండేవి అక్షరాలే గనుక, ఒక గొంతు కార్డు వాటిని వరసగా చదివి వినిపిస్తుంది. ఆ చదివే ప్రోగ్రాం ఎప్పుడో ఒక విద్యార్థి ఆయన కోసమే రాసి ఇచ్చినది. తర్వాత ఆ కుర్రాడి జాడే లేదు. పుస్తకమంతా ఆ ప్రోగ్రాంకు మాత్రమే తెలిసే రాతలో ఉంది. బ్రెయిలీ కాగితాల మీద చుక్కలు గుద్దించేది కూడా అదే.

ఆ కంప్యూటరు పొగ వదిలి చచ్చిపోయింది. డిస్కూ గొంతు కార్డూ దక్కాయి. మే ఇరవై నాలుగున, అక్షరాల పండుగనాడు, పఠనాలయం హాల్లో మొదటి అధ్యాయం చదువుతానని స్పాస్ మాటిచ్చి ఉన్నాడు. సంఘంలో పనిచేసినవాళ్లు ఇక ఆరుగురే మిగిలారు. అందరూ ఎనభై దాటినవాళ్లు. మరో పండుగదాకా ఆగుదాం అనుకోవడానికి లేదు.

"నా కళ్లు రెండోసారి పోయాయి నెవేనా," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది, చేస్తానన్నట్టు. అక్కడ అవునంటే అలాగే ఊపుతారు.

"నోటితో చెప్పవే. నీ తల ఎటు ఊగుతోందో నాకేం తెలుసు?"

"చేస్తానన్నాను కదయ్యా!"

చేయడమంటే ఆమె లెక్కలో మామూలుగా చేయడం కాదు. గొంతు కార్డు పాతకాలపు గాడిలోనే పడుతుంది. ఆ గాడి ఉన్న యంత్రాల్లో ఆఖరి తరానిది, అన్నిటికన్నా వేగమైనది ఒకటి ఆమె దగ్గర గుడ్డ కప్పుకుని ఉంది. దాన్నే తీసింది. రేడియోలు బాగుచేసే క్రుమ్ లేచి అడ్డం వచ్చాడు.

"అక్కా, నన్ను దాని దుమ్ము కూడా తుడవనివ్వలేదు నువ్వు!"

"నీకిస్తే ఆటలాడుకుంటావు. ఆయన పుస్తకం రాస్తాడు. పక్కకి జరుగు."

జతల పుస్తకం ప్రకారం అన్నీ కలిశాయి. యంత్రం లేచింది. నెవేనా ప్రోగ్రాం పేరు కొట్టింది. యంత్రం ఒక కూత పెట్టి ఊరుకుంది. గొంతు రాలేదు. తెర మీద గీత మిణుకుమంటోంది, అంతే. గుడ్డివాడి కోసం రాసిన ప్రోగ్రాం కదా, తన బాధను కూడా గొంతుతోనే చెప్పుకుంటుంది. గొంతే తెరుచుకోకపోతే ఇక చెప్పేదెవరికి? కళ్లున్న నెవేనాకు అక్కడ చూడటానికి ఏమీ లేదు.

కేబుళ్లు మార్చింది. బోర్డు మీది చిన్న జంపర్ పిన్నులు మార్చింది. మెమరీ ముక్కలు తీసి తుడిచి పెట్టింది. శనివారం మనిషి కాస్తా రోజూ రావడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్ల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. పందొమ్మిది రోజులు గడిచాయి.

"పోనీ ఇంకా మంచి యంత్రం చూద్దామా అక్కా?" అన్నాడు క్రుమ్.

"దీనికన్నా మంచిది నీ తాత దగ్గరుందా?"

మే ఇరవైన స్పాస్ బోజా అనే పులిసిన గింజల పానీయం సీసా చంకన పెట్టుకుని వచ్చాడు. యంత్రం పక్కన కుర్చీ వేయించుకుని చెవి ఆనించాడు. "మొదలెట్టు."

కూత.

"ఇంకోసారి."

"పాటనుకున్నావా, మళ్లీ మళ్లీ వినడానికి?"

"ఇంకోసారి పెట్టవే బాబూ." విన్నాడు. "పాతది కూత పెట్టాక మూడు గుక్కలు బోజా తాగేవాణ్ని. అప్పుడు మాట్లాడేది. ఆ మూడు గుక్కలసేపూ లోపల ఏదో లెక్కపెట్టుకుంటోంది అనుకునేవాణ్ని. ఇదేంటి, కూత పెట్టిందో లేదో అయిపోయింది. అసలు లెక్కపెడుతోందా ఇది?"

నెవేనా చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేసింది.

నిజంగానే ఆ ప్రోగ్రాం లెక్కపెడుతుంది. మాటల వడి కుదుర్చుకోవడానికి, ముందుగా ఇన్ని చుట్లని తిరిగి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకుని, ఆ కాలంతో భాగిస్తుంది. ఈ మెరుపు యంత్రం గడియారం కదలకముందే చుట్లన్నీ ముగించేసింది. పట్టిన కాలం సున్నా. సున్నాతో భాగించమంటే మహామహా యంత్రాలే గుడ్లు తేలేస్తాయి. డాన్యూబ్ నది మీద నన్నొకసారి ఎక్కించుకున్న పడవవాడు, పాత పడవకు కొత్త ఇంజను తగిలించిన ఏడాదే తన మేనమామ దాన్ని ఒడ్డుకు గుద్దాడని చెప్పాడు. పడవదీ తప్పు కాదు, ఇంజనుదీ కాదట.

ముప్ఫై ఏళ్ల పుస్తకంలో ప్రతి పేజీలోనూ రాసి ఉన్నవి చాలనివే: మెమరీ చాలదు, వేగం చాలదు, చోటు చాలదు. ఎక్కువైందని ఏ యంత్రం పేజీలోనూ లేదు. ఎక్కువైందని ఎవరు ఏడ్చారు గనుక!

"గొప్పకు పోయానయ్యా," అంది నెవేనా క్రుమ్‌తో. "ఆయన పుస్తకానికి తగ్గది ఇవ్వాలనుకున్నాను గానీ, ఆయన గొంతుకు తగ్గది వెతకలేదు."

"అయితే బంగారంలాంటి యంత్రాన్ని చెడగొడతావా?" అన్నాడు క్రుమ్.

"చెడగొట్టను, నడిపిస్తాను. ఇంతవరకూ పరిగెత్తడమే వచ్చు దానికి."

యంత్రం లోపలి అమరికల్లోకి వెళ్లి, ప్రాసెసరు తన చేతికింద దాచుకునే చిన్న మెమరీని, క్యాష్ అంటారు దాన్ని, మొత్తం ఆపేసింది. ఇక ప్రతిదానికీ దూరం నడిచి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. తెర మీద అక్షరాలు ముసలివాళ్లు మెట్లెక్కినట్టు వచ్చాయి. క్రుమ్ అటు తిరిగి నిలబడ్డాడు, చూడలేక.

కూత. స్పాస్ సీసా ఎత్తాడు. ఒక గుక్క. రెండో గుక్క. మూడోది. నాలుగోది మింగుతుంటే ముక్కుతో పలికే ఒక గొంతు, "సిద్ధంగా ఉన్నాను," అంది.

స్పాస్ వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. మొదటి వాక్యం చదివించుకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఈ వాక్యం దరిద్రంగా ఉంది."

"మూర్ఖుడా, ముందు నాకో దండం పెట్టొచ్చు కదా!"

"ఉండవే, మాట మర్చిపోతాను."

నాలుగు రోజులూ దిద్దుతూనే ఉన్నాడు. పండుగనాడు పొద్దున్న పదింటికి కూడా బ్రెయిలీ యంత్రం టకటకా గుద్దుతూనే ఉంది. పదకొండింటికి ఆ కాగితాలు పట్టుకుని వేదిక ఎక్కాడు. ముందు వరుసలో ఆరుగురు. నెవేనా చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన వేళ్లు కాగితం మీద కదులుతుంటే హాలు హాలంతా మూడో బల్ల దగ్గరికీ, నాలుగో బల్ల దగ్గరికీ వెళ్లివచ్చింది.

తొదోర్కా అనే పేరు వచ్చేసరికి ముందు వరుసలోంచి ఒక ముసలి గొంతు లేచింది. "అబద్ధం! నాది మూడో బల్ల కాదు, కిటికీ పక్క బల్ల! ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు?"

హాలంతా నవ్వింది. స్పాస్ వేలు అక్కడే ఆపి, "సరే తొదోర్కా, మధ్యాహ్నం దిద్దేస్తాను," అన్నాడు.

నెవేనా చప్పుడు చేయకుండా లేచి నేలమాళిగ మెట్లు దిగింది. మధ్యాహ్నం దిద్దుబాటు ఉందిగా, ఆ యంత్రం లేవడానికి ఇప్పుడు చాలాసేపు పడుతుంది.