మూడు బఠాణీల మొఖం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఎర్రటి శత్రుసేన ఉంది, రాత్రి దాడులున్నాయి, మంటలున్నాయి, చర్మం ఊడిపోతున్నా వెనక్కి తగ్గని వీరుడున్నాడు. ఓపికుంటే పర్వాలుగా విడగొట్టి చెప్పుకోదగ్గ కథ.

అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ యుద్ధం జరిగిన చోటు నా బుగ్గలు. శత్రువులు మొటిమలు. ఆయుధం చిటికెన వేలంత ట్యూబు. వీరుడు ఆ ట్యూబు డబ్బాలో ఉండే కాగితం కూడా చదవలేదు.

మొటిమలు నాకు ఇంటర్లో వచ్చినాయి. వయసు మొటిమలు, వాటంతటవే పోతాయి అన్నారు అందరూ. నిజమే, అందరికీ పోయినాయి. నాతో చదివినవాళ్ళు మొఖాలు తేటపడి ఉద్యోగాలకి పోతే, నేను డిగ్రీని, మొటిమల్ని వెంటబెట్టుకొని మా బాబాయి రొయ్యల గుంటల మీద పనికి చేరినాను. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వస్తాయి మా గుంటలు. అక్కడ నీడ అనేది మేత బస్తాలు పెట్టుకునే షెడ్డు కింద మాత్రమే దొరుకుతుంది. మిగతాదంతా ఎండ, ఉప్పుగాలి, చెమట. వాటి మధ్యలో నేను, నా మీద అవి.

ఇంట్లో వైద్యానికి కొదవ లేదు. అమ్మ లెక్కలో అది వేడి. సబ్జా గింజలు నానబెట్టిన నీళ్ళు చెంబులతో తాగించింది. అక్క లెక్కలో అది జిడ్డు. ఫోనులో ఎవరో చెప్పినారని నిమ్మచెక్క తెచ్చి రుద్దించింది. నిమ్మకాయలకి మా నెల్లూరు జిల్లాలో కరువు లేదు కాబట్టి ఆ హింసకి హద్దు కూడా లేకుండా పోయింది.

ఇవన్నీ భరించొచ్చు. నన్ను దెబ్బ తీసింది ఫ్లెక్సీ.

మా వైపు చెవులు కుట్టించినా ఫ్లెక్సీ వేస్తారు, పెళ్ళయితే చెప్పక్కర్లేదు. మధ్యలో జంట, చుట్టూ గుండ్రాల్లో అయినవాళ్ళందరి తలకాయలు. ఆ ఫ్లెక్సీలు వేసే షాపు అన్న చాలా మంచోడు. నా ఫోటో చూడంగానే "నున్నగా చేస్తాలే తమ్ముడూ" అనేవాడు. చేసేవాడు కూడా. మొటిమలు పోయేవి, వాటితోపాటు ముక్కు కూడా సగం పోయేది. కోడిగుడ్డుకి మీసం దిద్దినట్టు ఉండేవాణ్ణి.

ఒక పెళ్ళిలో మా మేనత్త ఆ ఫ్లెక్సీ ముందర నిలబడి, నా తలకాయ మీద వేలు పెట్టి, పక్కనే ఉన్న నన్నే అడిగింది.

"ఈ పిల్లోడు ఎవురబ్బయా? బాగుండాడే!"

"పెళ్ళికొడుకు వైపు వాళ్ళులే అత్తా" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వినారు. నేనూ నవ్వినాను. నా మొఖం మీద ఎవరన్నా జోకేసే లోపల నేనే ఒకటి వేసేసుకోవడం అప్పటికే నాకు బాగా అలవాటు. అడిగే మనిషికి ముందే సమాధానం ఇచ్చేస్తే ఇంక అడగరు. కానీ ఆ రోజు ఇంటికి వచ్చినాక కూడా "బాగుండాడే" అన్న మాట చెవిలోంచి పోలేదు. బాగున్నది నేను కాదు కాబట్టి.

ఆ తరవాత కొన్నాళ్ళకి అక్కకి పెళ్ళి కుదిరింది. నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. అక్క పెళ్ళి ఫ్లెక్సీలో నా మొఖం నాదే ఉండాలి. నున్నగా చేయించకుండా, చూడంగానే ఇది ఫలానా అని తెలిసేటట్టు. దేశంలో కుర్రాళ్ళకి ఏవేవో ఆశయాలుంటాయి. నాది ఇది.

నెల్లూరు పోయి చర్మం డాక్టరమ్మని చూసినాను. ఆమె నా మొఖాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, పూసుకునే మందు రాసింది. విటమిన్ ఎ జాతి మందు, మూసుకుపోయిన చర్మరంధ్రాల్ని తెరిపిస్తుంది అని చెప్పింది.

"రాత్రి మొఖం కడుక్కొని, బాగా ఆరినాక, బఠాణీ గింజంత తీసుకొని మొఖమంతా పల్చగా పూసుకో. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొఖమంతా. మొదట్లో రోజు మార్చి రోజు. కళ్ళ దగ్గర, ముక్కు మూలల్లో, పెదాల మీద వద్దు. పైన మాయిశ్చరైజర్. పొద్దున సన్‌స్క్రీన్ తప్పకుండా. ఎండలో పనంటున్నావు కదా."

"ఎన్నాళ్ళకి తగ్గుద్ది మేడం?"

"మూడు నెలలు చూడాలి. మొదట్లో ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది."

"నెలలోపల పెళ్ళుంది మేడం."

"నీదా?"

"మా అక్కది."

"మరి నీకేంటి తొందర?"

ఫ్లెక్సీ గురించి ఒక డాక్టరుకి ఎట్లా చెప్పాలో తెలియక చీటీ మడిచి జేబులో పెట్టుకొని లేచినాను. "తొందరపడి ఎక్కువ మాత్రం పుయ్యొద్దు" అని ఆమె నా వెనకనుంచి ఇంకోసారి చెప్పింది. నా వాలకం చూసే చెప్పి ఉంటుంది.

బస్సెక్కి కూర్చొని లెక్క వేసినాను. ఒక బఠాణీకి మూడు నెలలు. అయితే మూడు బఠాణీలకి ఒక నెల. డిగ్రీ చదివిన బుర్ర, ఊరికే పోతుందా? రోజు మార్చి రోజు అన్నది పిరికివాళ్ళకి. నేను రోజూ పూసినాను. కొన్నాళ్ళయినాక పొద్దున కూడా పూసి గుంటల మీదికి పోయినాను. మాయిశ్చరైజర్ పూస్తే మందు పలచనైపోతుందని మానేసినాను. సన్‌స్క్రీన్ కొననే లేదు, అది ఆడపిల్లల సరుకని. అక్క నిమ్మచెక్క మాత్రం మానలేదు, ఎందుకంటే పాత స్నేహాన్ని తెంచుకోకూడదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. గుంటల మీద నా ఉద్యోగమే మేత ఎక్కువ పడకుండా చూడటం. మేత ఎక్కువేస్తే రొయ్య తొందరగా పెరగదు, తినంగా మిగిలింది అడుగున కుళ్ళి గుంటంతా చెడుతుంది. ఈ ముక్క నేను పనివాళ్ళకి రోజూ పొద్దున్నే చెప్తాను, చెయ్యి ఊపుతూ మరీ చెప్తాను. అదే చెయ్యితో సాయంత్రం ఇంటికొచ్చి ట్యూబు పిండేవాణ్ణి.

మొదట మొఖం ఎర్రబడింది. మందు పని చేస్తోందని సంతోషపడినాను. తరవాత మంట. బాగా పని చేస్తోందనుకున్నాను. తరవాత గడ్డం దగ్గర, ముక్కు పక్కన చర్మం పొరలు పొరలుగా లేవడం మొదలైంది. చెమట కారి అందులోకి పోతే, గట్టు మీద నిలబడిన చోటనే చిన్నగా గెంతేవాణ్ణి. అవతల గుంటవాళ్ళు నేను వాళ్ళని పలకరిస్తున్నాననుకొని చెయ్యి ఊపేవాళ్ళు.

ఒక పొద్దున బాబాయి, మేత ఎంత తిన్నాయో చూసేందుకు నీళ్ళలో దించే చెక్ ట్రే పైకి లాగి రొయ్యల్ని చూస్తూ, మధ్యలో తలెత్తి నన్ను చూసినాడు. మళ్ళీ ట్రే చూసినాడు. మళ్ళీ నన్ను చూసినాడు.

"ఏందిరా ఇది! నువ్వు కూడా మోల్టింగా?"

మోల్టింగ్ అంటే రొయ్య పాత పెంకు విడిచిపెట్టడం. అమావాస్యకీ పున్నమికీ గుంటల్లో ఎక్కువగా జరుగుతుంది. ఆ రెండు రోజులు అది మెత్తగా, దిక్కులేకుండా, ఎవరి కంటా పడకుండా ఒక మూల దాక్కుంటుంది. నాకు దాక్కోవడానికి మూల కూడా లేదు.

"మందు పడలేదు బాబాయ్" అన్నాను.

"ఈరోజు అమావాస్య కూడా కాదు కదరా!" అని ఆయన పనివాళ్ళని కేకేసినాడు. "రేయ్, అబ్బాయికి మేత తగ్గించండి! మినరల్స్ కొట్టండి! ఏరియేటర్ ఆన్ చెయ్యండి! సున్నం కొడదామా అబ్బయా?"

అవన్నీ పెంకు విడిచే రొయ్యలకి చేసే సేవలు. సాయంత్రానికి గట్లన్నిటి మీదా నా పేరు మోల్టింగ్ అయిపోయింది. ఇంకొకరు వేసిన జోకు నా జోకు కంటే బాగుండటం నాకు అదే మొదటిసారి. మంట కంటే అదే ఎక్కువ మండింది.

ఇంతలో ఫ్లెక్సీ అన్న ఫోను. "తమ్ముడూ, అందరి ఫోటోలూ వచ్చినాయి. నీదొక్కటే బాకీ."

"రెండు రోజులు ఆగన్నా."

"రేపు ప్రింటింగ్‌కి పోవాల. పోనీలే, నీ పాతది నా దగ్గరుంది. దాన్నే నున్నగా..."

అద్దంలో చూసుకున్నాను. వానకి తడిసిన గోడ పెచ్చులూడినట్టు ఉంది. "సరేలే అన్నా" అన్నాను. ఆశయం అంతటితో అయిపోయింది. రెండు ముక్కల్లో.

మర్నాడు మళ్ళీ నెల్లూరు. డాక్టరమ్మ నన్ను చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఎంత పూశావు?"

"బఠాణీ గింజంత మేడం."

"ఒక్కటేనా?"

"మూడు."

"రాత్రికా?"

"పొద్దున కూడా మేడం."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా నా గడ్డం పట్టుకొని దీపం కిందికి తిప్పింది. తరవాత మందు ఆపేయమనింది, మంట పూర్తిగా తగ్గి చర్మం మామూలుగా అయ్యేదాకా మాయిశ్చరైజర్ తప్ప ఏదీ పెట్టొద్దనింది. తగ్గినాక వారానికి రెండు రాత్రులతో మళ్ళీ మొదలు. ముందు మాయిశ్చరైజర్, దాని మీద ఒకే ఒక్క బఠాణీ. చర్మం ఓర్చుకుంటే మెల్లగా పెంచుకోవచ్చు. నిమ్మకాయ మాట చెప్పినప్పుడు మాత్రం ఆమెకి కోపమొచ్చింది.

"నిమ్మకాయ అన్నంలోకి పిండుకో" అనింది.

పెళ్ళి రోజుకి మంట తగ్గింది, పొట్టు తగ్గలేదు. మేకప్ అమ్మాయి జాలిపడి నా బుగ్గకి ఏదో అద్దబోయింది, అది పొట్టు మీద అట్టకట్టింది. కడుక్కొని వచ్చి మండపం బయట నిలబడినాను, చేతిలో పన్నీరు బుడ్డి పట్టుకొని. తల మీద, సరిగ్గా తల మీదే, ఫ్లెక్సీ. అందులో కోడిగుడ్డు.

మేనత్త వచ్చింది. ఫ్లెక్సీ చూసింది. నన్ను పట్టుకొని గొంతు తగ్గించి అడిగింది.

"అబ్బయా, ఆ పిల్లోడు ఈ పెళ్ళికి కూడా వచ్చినాడా? మా ఆడబిడ్డ కూతురికి అడుగుదామని."

"ఊళ్ళో లేడత్తా" అన్నాను, పన్నీరు చల్లుతూ.

ఇక్కణ్ణించి కథలో ఏమీ జరగదు. మందు పని చేసేటప్పుడు అట్టాగే ఉంటుంది. వారానికి రెండు రాత్రులు ఒక బఠాణీ, తరవాత రోజు మార్చి రోజు ఒక బఠాణీ. ఆ బఠాణీ పచ్చిదా ఎండుదా అని డాక్టరమ్మకి ఫోను చేసి అడగాలనిపించింది కానీ, ఆమె ఓర్పుకి కూడా ఒక మోతాదు ఉంటుంది కదా. పొద్దున సన్‌స్క్రీన్ తెల్లగా కనపడేటట్టు పూసుకొని టోపీ పెట్టుకొని గుంటల మీదికి పోతే, "ఏం సామీ, నాటకం ఏ ఊళ్ళో?" అన్నారు పనివాళ్ళు. కొన్నాళ్ళు కొత్త మొటిమలు ఎక్కువే వచ్చినాయి. ఇంకో రెండు బఠాణీలు పిండమని చెయ్యి దురద పెట్టింది. ట్యూబుకి మూత పెట్టి చెయ్యి జేబులో పెట్టుకున్నాను. మొత్తం యుద్ధంలో నేను చేసిన సాహసం అదొక్కటే.

మధ్యలో అక్క అత్తగారింటి నుంచి ఫోను చేసింది. "నీ మొఖం తేటపడిందంట కదా? ఆ ట్యూబు నాకూ ఒకటి పంపరా. గడ్డం మీద రెండు లేచినాయి."

డాక్టరమ్మ నాకు ముందే చెప్పి ఉంది, ట్యూబు ఎవరికీ పంచొద్దని. గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూసుకుంటున్నవాళ్ళు ఈ మందు జోలికి పోకూడదని కూడా.

"నువ్వు వాడకూడదక్కా. డాక్టర్ని అడుగు, వేరేది ఇస్తారు."

"ట్యూబుకి కూడా పిసినారితనమా! నా నిమ్మకాయలన్నీ తిరిగియ్యి."

అయినా పోయి అడిగినట్టుంది. తరవాత ఆ ఊసెత్తలేదు.

వినాయక చవితి వచ్చేనాటికి పెళ్ళై నాలుగు నెలలు దాటింది. మొటిమలు దాదాపు పోయినాయి. మచ్చలు కొన్ని ఉన్నాయి, ఉండనీ. ఊళ్ళో కుర్రాళ్ళం కమిటీ ఫ్లెక్సీ వేస్తున్నాం. నేను గట్టు మీద నిలబడి, పొద్దుటి ఎండలో, ఫోనులో ఏ మాయా పెట్టకుండా ఫోటో తీసుకున్నాను. పంపితే నమ్మకం లేదని షాపుకి నేనే పోయినాను.

"అన్నా, నున్నగా చేయొద్దు."

"ఏం?"

"చేయొద్దంతే."

ఆయన ఫోటోని చూసినాడు, నన్ను చూసినాడు. "మరి ఇన్నాళ్ళూ నా దగ్గరుండేది ఎవరిది తమ్ముడూ?" అన్నాడు, నిజంగానే అనుమానం వచ్చి.

ఫ్లెక్సీ లేచింది. మధ్యలో వినాయకుడు, ఆయన కంటే కొంచెం పెద్దగా మా ఊరి పెద్దమనిషి, కింద వరసలు వరసలుగా మేము. చివరి వరసలో, చివరి నుంచి మూడోది నా మొఖం. బఠాణీ కంటే పెద్దది, నిమ్మకాయ కంటే చిన్నది.

మేనత్త పందిరికి వచ్చింది. "నువ్వేడుండావురా ఇందులో?" అంది. వేలు పెట్టి చూపించినాను. కళ్ళజోడు సర్దుకొని, వంగి, చాలాసేపు చూసింది. నేను జోకు ఒకటి సిద్ధం చేసుకున్నాను.

"ముక్కు మీ నాయనదే" అంది.

జోకు నోట్లోనే ఉండిపోయింది. అత్త ఇంకా వంగి వెతుకుతోంది, వరస తరవాత వరస.

"ఆ ఇంకో పిల్లోడు లేడే ఇందులో?"

నిమజ్జనం అయినాక ఫ్లెక్సీని ఏం చేయాలా అని కమిటీ ఆలోచించే లోపల బాబాయి దాన్ని విప్పి, మడిచి, బండి మీద వేసుకొని గుంటల దగ్గరికి పట్టుకుపోయినాడు. షెడ్డులో చోటు చాలక బయట పెట్టిన మేత బస్తాల మీద కప్పినాడు. నా వరస ఎటువైపు ఉందో చూద్దామని నేను ఒక అంచు తిరగెయ్యబోతే, తిప్పొద్దని దూరం నుంచే కేకేసినాడు.

ఫ్లెక్సీ కప్పేటప్పుడు బొమ్మలుండే వైపు లోపలికి, తెల్లవైపు బయటికి ఉండాలి. అట్టయితే ఎండకి మేత వేడెక్కదు.