వేళ్ళకంటిన జిగురు

మొన్న ఆదివారం చర్చి అయ్యాక పాత పార్కులో నడుస్తూ, ఆకులన్నీ రాలిన ఒక చెట్టు కొమ్మను ఊరికే పట్టుకున్నాను. వేళ్ళకి జిగురంటింది. పనసకాయ కోసిన చేతిని వదలని జిగురులాంటిది. పాయింట్ కుక్‌లో మా ఇంటిదాకా కారు నడుపుతుంటే స్టీరింగుకీ అంటుతూనే ఉంది. "మమ్, వాట్ ఈజ్ దట్?" అని మా అమ్మాయి మొహం చిట్లించింది. "ఎస్తేరు ఆంటీ," అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకూ కాదు, అందుకే రాస్తున్నాను.

ఎస్తేరు ఆంటీది నరసాపురం. అక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పింది. మెల్‌బోర్న్ వచ్చాక కొండల దగ్గర ఒక నర్సరీలో పనికి కుదిరింది. తొంభైలో నేను గుంటూరు నుంచి బాటనీ డిగ్రీతో దిగితే, ఆ కాగితాన్ని ఇక్కడెవరూ తిప్పి కూడా చూడలేదు. చర్చిలో పరిచయమైన ఆంటీయే నర్సరీ ఓనరు గ్రెగ్‌తో మాట్లాడి నాకు పని ఇప్పించింది. చలికాలం అయ్యేదాకా చూస్తాడు, నచ్చితే ఉంచుతాడు. మా ఆయనకి అప్పటికింకా ఉద్యోగం లేదు. ఇంటికి ఆధారం ఆ పనే.

చేరిన వారంలోనే ఆంటీతో తగువు పడ్డాను. గేటు దగ్గర రెండు పెద్ద చెట్లు, రెండిటికీ వేళ్ళు చాపిన అరచేతుల్లాంటి ఆకులు. రెండూ మేపుల్ చెట్లేనని తేల్చేశాను. కాదంది. అవునన్నాను, బాటనీ డిగ్రీ సాక్షిగా. ఆంటీ చెరొక ఆకూ తెంపి నా చేతిలో పెట్టింది.

"ఒక్కోదానికి ఒక వేలు పట్టుకుని లాగమ్మాయ్."

మొదటిది చిరిగింది. రెండోదాని వేలు మొదలంటా శుభ్రంగా ఊడొచ్చింది.

"చిరిగింది మేపుల్. మన ఆముదపాకులాగా అంతా ఒకటే ఆకు. ఊడింది హార్స్ చెస్ట్‌నట్. బూరుగాకులాగా దేనికది విడి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా ఆంటీ?"

"చెబితే వినే మొహమేనా నీది?"

చలికాలంలో మొక్కల్ని వేళ్ళకంటిన మట్టి దులిపి, కట్టలు కట్టి అమ్ముతారు. అప్పటికి ఆకులుండవు, అన్నీ కట్టెపుల్లలే. ఒక పొద్దున వచ్చేసరికి గాలివానకి మేపుల్, చెస్ట్‌నట్ కట్టల పేర్ల చీటీలు ఊడిపోయి బురదలో ఉన్నాయి. మేపుల్స్ కోసం లారీ వచ్చి నిలబడింది. రెండు జాతుల్లోనూ మొగ్గలు ఎదురెదురుగా జంటలుగానే ఉంటాయి. గ్రెగ్ ఒక చూపు చూసి, "అన్నీ మేపుల్సే, ఎక్కించండి" అన్నాడు.

నేను ఆంటీ వైపు తిరిగాను. "మీరు చెప్పండి ఆంటీ."

"నేను ఇంగ్లీషు మొదలెడితే ఆయన నవ్వు మొదలెడతాడు. నువ్వు చెప్పు. కానీ ముందు నోరు కాదు, చేతులు కదుపు."

గ్లవ్స్ తీసేశాను. కొన్నిటి మొగ్గలు సన్నగా, పొడిగా ఉన్నాయి. కొన్నిటివి లావుగా, జిగురుగా ఉన్నాయి. వాటి కింద పాత ఆకు రాలినచోట గుర్రపు నాడాలాంటి మచ్చ, మేకులు కొట్టినట్టు చుక్కలతో సహా. గ్రెగ్ విసుగ్గా గడియారం చూసుకుంటున్నాడు. నా నాలుక దురద పెడుతోంది. అయినా ముందు చేతులే కదిపాను. ఆయన బొటనవేలు పట్టుకుని ఒక లావు మొగ్గకేసి నొక్కాను.

"మేపుల్ ఇలా అంటుకోదు, గ్రెగ్."

ఆయన వేలు జీన్స్‌కి రుద్దుకున్నాడు, పోలేదు. ఎక్కించిన కట్టలన్నీ దింపించాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు, "చలి తగ్గాక కూడా రా" అన్నాడు.

కార్లో కూర్చోగానే గొప్పగా అన్నాను: "చూశారా, ఎలా వాదించానో!"

"ఇవాళే వాదించావు," అంది ఆంటీ సీటు బెల్టు పెట్టుకుంటూ. "ఇన్నాళ్ళూ అరిచావు."

ఆంటీ ఇప్పుడు లేదు. నా నోరు మాత్రం అలాగే ఉంది, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. మొన్న ఆ జిగురు చేతితో ఇల్లు చేరగానే మా అమ్మాయి యూనివర్సిటీ చదువు మానేస్తానంది. ఒక్కసారిగా అరుపు నోటిదాకా వచ్చింది నాకు. మింగి, "ఎందుకో చెప్పు" అన్నాను. చెబుతోంది, మూడు రోజులుగా. వింటున్నాను. ఇంకా వాదన మొదలెట్టలేదు.

ఎస్తేరు ఆంటీ ఉంటే నమ్మేది కాదు.