కట్ చెప్పాక ఆగని ఏడుపు

1999లో మద్దిలపాలెం బస్ డిపో దగ్గర, ఒక ఫోటో స్టూడియో మేడ మీద రెండు గదుల్లో నేను నటన నేర్పేవాణ్ణి. నటించడానికి శిక్షణ ఎందుకండీ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి మరి, అవసరం లేదంటే నా బోర్డు నేనే పీకేసుకోవాలి. పైగా నాకు కాలు ఒకచోట నిలవదు. క్లాసు లేని రోజుల్లో సీరియల్ షూటింగులకు వెళ్లి కొత్తవాళ్లను తయారుచేసేవాణ్ణి.

ఆ ఏడాది తగరపువలసలో బస్సు మారి వెళ్లే ఒక పల్లె ఒడ్డున షూటింగ్. చేపల వేటకు వెళ్లిన భర్త తిరిగి రాలేదని సముద్రం వైపు చూసి ఏడ్చే ఆడమనిషి పాత్ర అది. నా స్టూడెంటును తీసుకెళ్లాను. డైరెక్టర్ ఆ అమ్మాయిని ఒక్క చూపు చూసి, పక్కన ఇసుకలో చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ అనే ఆవిడను చూపించాడు.

“ఆవిడ చేతులు చూడండి మాస్టారూ. ఆ చేతులు మీ క్లాసులో వస్తాయా?”

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆవిడను ఒప్పించే పని నా మీదే పడింది. నూకాలమ్మ నవ్వుతూనే వచ్చింది కానీ, సంగతి విన్నాక వెనక్కి తగ్గింది.

“మా ఆయన ఏటకెల్లాడు బాబూ. పడవ సంద్రంలో ఉండగా అటు సూసి ఏడవకూడదు.”

“ఇది ఉత్త ఏడుపమ్మా, నటన. ఇది లెక్కలోకి రాదు,” అన్నాను. చదువుకున్నవాణ్ణని నమ్మింది పాపం.

తీరా కెమెరా ముందు నిలబడితే ఆవిడకు కన్నీళ్లు రాలేదు, నవ్వొచ్చింది. డైరెక్టర్ ఎండ నడినెత్తికి వచ్చేస్తోందని విసుక్కుంటున్నాడు. మా విద్యలో ఎమోషన్ మెమరీ అని ఒకటుంది. సొంత దుఃఖాన్ని తలుచుకుని పాత్రలోకి తెచ్చుకోవడం. ఆవిడ తమ్ముడు రెండేళ్ల కిందట వేటలోనే పోయాడని పక్కనున్న ఆడవాళ్లు అంతకుముందే చెప్పారు. దగ్గరికెళ్లి, “మీ తమ్ముణ్ణి తలుచుకోమ్మా,” అన్నాను.

అంతే. ఆవిడ భోరుమంది. అలాంటి ఏడుపు నా క్లాసులో ఏనాడూ వినలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణాన నాకు గర్వంగా ఉంది. ఫోకస్ తప్పిందని రెండో టేక్ అన్నారు. అడ్డంగా కుక్క వచ్చిందని మూడోది. మళ్లీ తమ్ముణ్ణి తలుచుకోమన్నాను, మళ్లీ తలుచుకుంది.

డైరెక్టర్ కట్ అన్నాడు. ఆవిడ ఏడుపు ఆగలేదు.

నీళ్లిచ్చాం, కూర్చోబెట్టాం. “అయిపోయిందమ్మా,” అంటే తలూపుతోంది, ఏడుస్తూనే ఉంది. ఇంతలో పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి, ఆవిడ భర్తది తప్ప. “నానే సేశాను, నానే ఏడిసాను,” అని గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఉత్త ఏడుపని చెప్పి ఒప్పించింది నేను, నిజం ఏడుపు ఏడిపించిందీ నేనే.

యూనిట్ వ్యాను వెళ్లిపోయింది. నా స్టూడెంటును కూడా అందులోనే పంపేశాను. నేను ఉండిపోయాను. ఇసుకలో అటూ ఇటూ తిరిగాను, ఒక చోట కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఆ పడవ రాకపోతే ఈ మనిషి జన్మంతా తననే తిట్టుకుంటుంది.

మధ్యాహ్నం మూడు దాటాక ఆ పడవ వచ్చింది. వల చిక్కుపడి ఆలస్యమైందట. మొగుడు దిగగానే నూకాలమ్మ అతని వీపు మీద నాలుగు చరిచి, పైట చెంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఏడవడం నాకొచ్చు బాబూ, ఎవుడూ నేర్పక్కర్నేదు. ఆపడం ఎలాగో మీ బళ్లో నేర్పుతారేటి?”

వెటకారం కాదది, నిజంగానే అడిగింది. రెండేళ్ల డిప్లొమాలో అది నాకెవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత నా క్లాసులో మొదటి వారమంతా పాత్రలోంచి బయటికి రావడమే నేర్పాను. ఊపిరి తీసుకోవడం, నాలుగడుగులు నడవడం, సొంత పేరు పైకి చెప్పుకోవడం. పోయినవాళ్లను తలుచుకోమని మళ్లీ ఎవరికీ చెప్పలేదు. నటించడానికి శిక్షణ కావాలా అని ఇప్పుడు అడిగితే నాకు కోపం రాదు. నూకాలమ్మకు అక్కర్లేకపోయింది. ఆ రోజు ఆ ఒడ్డున శిక్షణ లేనివాణ్ణి నేనొక్కణ్ణే.