ఆయాసం మనుషులకు రెండో సూది

1958 ఆగస్టులో నన్ను నెల్లూరు నుంచి మార్చి, విడవలూరు వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆరు మంచాలు, ఒక మెడికల్ ఆఫీసరు, ఒక కాంపౌండరు, నేను, ఒక ఆయా. అంతే ఆసుపత్రి. బస్సు దిగి సరుగుడు తోపుల్లో ఇసుక దారిన మైలు దూరం నడవాలి. రోజూ మెట్ల దగ్గర బూట్లు విప్పి ఇసుక దులుపుకునే లోపలికి అడుగు పెట్టేదాన్ని. గంజి పెట్టిన తెల్ల చీర ఉప్పుగాలికి పది గంటలకే మెత్తబడిపోయేది. తర్వాత చాలా పెద్ద ఆసుపత్రుల్లో పనిచేశాను గానీ, ఆ గాలి వాసన మాత్రం ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఆసుపత్రి ముందు పొద్దున్నే కూర్చునేవాళ్ళలో సగం మంది ఆయాసం రోగులే. చేపలు పట్టేవాళ్ళలో మగవాళ్ళు చిన్నప్పటి నుంచీ చుట్ట కాల్చేవాళ్ళు. ఆడవాళ్ళు కిటికీ లేని గుడిసెల్లో సరుగుడు పుల్లలు, తాటాకులు మంట పెట్టి వండేవాళ్ళు. నలభై ఏళ్ళు దాటేసరికి మనిషి పది అడుగులు నడిచి ఆగి, మోకాళ్ళ మీద చేతులాన్చి ఊపిరి తీసుకునేవాడు. కళ్ళె పరీక్ష చేయించి క్షయ కాదని తేలినవాళ్ళను డాక్టరు గారు వేరే రిజిస్టరులో రాయించేవారు. వాళ్ళకు మేమివ్వగలిగింది దగ్గు మిక్చరు, ఎఫిడ్రిన్ మాత్రలు మాత్రమే.

అంతకు ముందు ఏడాది కొత్త ఫ్లూ జ్వరం మద్రాసు నుంచి రైళ్ళ వెంట వచ్చి ఊళ్ళన్నీ చుట్టబెట్టింది. గట్టివాళ్ళు వారం పడుకుని లేచారు. ఆ రిజిస్టరులో పేరున్నవాళ్ళలో మాత్రం కొందరు లేవలేదు. నేను చేరేనాటికి ఆ పేర్ల మీద ఎర్రసిరాతో గీతలు గీసి ఉన్నాయి. అందుకే సెప్టెంబరులో జిల్లా కార్యాలయం నుంచి ఫ్లూ టీకా మందు కొద్దిగా వస్తుందని తెలియగానే, అది ఎవరికి వెయ్యాలన్న విషయంలో డాక్టరు గారు రెండో ఆలోచన చేయలేదు. ఊళ్ళో పెద్దలు ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళకు కావాలని కబురు పెట్టారు. ఆ జ్వరం తగిలితే తట్టుకోలేనివాళ్ళకే ముందు అని ఆయన తిప్పి పంపేశారు.

మందు రంపపు పొట్టులో పెట్టిన ఐసుగడ్డతో బస్సు మీద వచ్చింది. పంతొమ్మిది, ఇరవై మందికి సరిపోతుంది. ఒక్కొక్కరికి రెండు మోతాదులు, మధ్య నాలుగు వారాల ఎడం. సీసా మూత ఒకసారి గుచ్చితే ఆ రోజే వాడెయ్యాలి. గాజు సిరంజీలు, సూదులు కిరసనాయిల్ స్టవ్ మీద ఇరవై నిమిషాలు మరిగించాలి. ఆ మందును కోడిగుడ్లలో పెంచి తయారుచేస్తారు కాబట్టి, గుడ్డు పడనివాళ్ళకు వెయ్యకూడదు. అది అడిగి తెలుసుకోవడం నా పని.

ఎండుచేపలమ్మే ఆదెమ్మను అడిగాను, గుడ్డు తింటే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయా అని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గుడ్లు అమ్ముకునేదే గానీ తినేది యాడిది నర్సమ్మా? కాన్పప్పుడు మా అత్త ఒకటి పెట్టింది. అప్పుడేమీ కాలా."

ఆ ఒక్క గుడ్డు ఆధారంతోనే ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాను.

అందరిలోకీ ఎక్కువ భయపడినవాడు పోలయ్య. యాభై దాటిన మనిషి. ఆయాసం వల్ల సముద్రం మీదికి పోవడం మానేసి, ఒడ్డునే ఉండి వలలు బాగుచేసేవాడు. వేటకు పోకపోయినా తన సొంత వల మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. సూది చూసి వెనక్కి జరిగాడు. వెనకాల పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. సీసా మూత గుచ్చేశాను. పోలయ్య లేచిపోతే మిగతావాళ్ళూ లేచిపోతారు.

"ఏమీ కాదు పోలయ్యన్నా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నాను.

ఆ మాట నమ్మి చెయ్యి చాపాడు. మధ్యాహ్నానికి అందరికీ వేయడం పూర్తయింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మర్నాడు పొద్దున పోలయ్య భార్య సుబ్బమ్మ వాకిట్లోనే నిలబడి కేకలు పెట్టింది. "ఏమీ కాదని చెప్పి మా ఆయన్ని చంపేస్తా ఉండావు గదమ్మా! ఒళ్ళు కాలిపోతా ఉండాది. చెయ్యి ఎత్తలేకుండా ఉండాడు!"

డాక్టరు గారూ నేనూ చేపలు పట్టేవాళ్ళ పాలేనికి పరుగెత్తాం. పోలయ్య చాప మీద పడి ఉన్నాడు. జ్వరం నూట రెండు, భుజం ఎర్రగా వాచి ఉంది. భయంతో ఆయాసం మరింత ఎక్కువైంది. ఆ రోజుల్లో ఆ మందుకు ఇలాంటి జ్వరం వింతేమీ కాదు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఆ సంగతి పోలయ్యకు తెలియదు. తన పని అయిపోయిందనుకుని, తెల్లవారుతూనే తమ్ముడు కోటయ్యను పిలిపించి తన వల ఇచ్చేశాడు.

మూడో రోజుకు పోలయ్య లేచి కూర్చున్నాడు. అయినా అప్పటికే పాలెమంతా మాట పాకిపోయింది. నన్ను చూస్తే ఆడవాళ్ళు తడికె మూసుకునేవాళ్ళు.

డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. కోప్పడతారనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు, ఏం చెప్పి వేశావని. ఏమీ కాదని చెప్పానన్నాను. ఏమీ కాదని నీకు తెలుసా అని అడిగారు. మందుతో వచ్చిన కాగితంలో జ్వరం సంగతి రాసే ఉంది, అది నేను చదివాను కూడా. తెలిసే చెప్పలేదని ఒప్పుకోవలసి వచ్చింది. రెండో మోతాదు వేయకపోతే మొదటిది వేసిన ఫలితం సరిగా దక్కదు. వేరే ఎవరినో పంపితే ఎవరూ నమ్మరు, నువ్వే పోయి ఉన్నదున్నట్టు చెప్పు అన్నారు.

వారం పాటు మధ్యాహ్నాలు ఇల్లిల్లూ తిరిగాను. సగం మంది వినిపించుకోలేదు. పోలయ్య ఇంటికి ధైర్యం చాలక చివరికి పోయాను. ఆయన నీడలో కూర్చుని ఎవరిదో వల అల్లుతున్నాడు.

"నేను అబద్ధం చెప్పాను పోలయ్యన్నా" అన్నాను. "జ్వరం వస్తుందని నాకు తెలుసు. రెండోసారి కూడా రావచ్చు. ఈ సూదితో నీ ఆయాసం పోదు. పోయినేటి మాదిరి జ్వరం మళ్ళీ వస్తే తట్టుకుంటావని వేసేది. అది కూడా అందరికీ పనిచేస్తుందని చెప్పలేను."

పోలయ్య చేతిలో పని ఆపలేదు. అల్లుతూనే అన్నాడు.

"ఈ మాట ముందే చెప్పుంటే రెండు దినాలు ముసుగేసుకోని పడుకోనుందును గదమ్మా. చస్తా ఉండాననుకోని వల కూడా ఇచ్చేస్తి."

"తిరిగి అడగొచ్చు గదా."

"ఇచ్చినదాన్ని ఎట్టా అడిగేది? సిగ్గుగా ఉండదా?" అని, దారం బిగిస్తూ అన్నాడు. "నువ్వు పోయి కోటయ్యకి చెప్పు, మీ అన్న ఇప్పట్లో చావడని. అట్టయితే వచ్చి సూదేసుకుంటా."

నర్సు విధుల్లో ఇలాంటి పని ఎక్కడా రాసి లేదు. అయినా పోయాను. కోటయ్య అంతా విని లోపలికి పోయి, మడతపెట్టిన వల భుజాన వేసుకుని వచ్చాడు.

"దీన్ని నీళ్ళల్లో ముంచనే లేదు నర్సమ్మా. అన్న లేచినాడు గదా, రేపో మాపో అడుగుతాడని నేను, నేనిస్తానని ఆయనా చూస్తా ఉండాం. ఇంక ఈడే ఉంచితే ఇద్దరికీ ముసలితనం వచ్చేస్తాది."

అక్టోబరు వానలు మొదలైన రోజుల్లో, రెండో మోతాదు మందు కూడా ఐసులోనే బస్సు మీద తెప్పించి రెండో విడత పెట్టుకున్నాం. పంతొమ్మిది మందిలో పదముగ్గురు వచ్చారు. ముందు పోలయ్య, ఆ తర్వాత ఆదెమ్మ. ఒక్కొక్కరికీ జ్వరం సంగతి, చెయ్యి నొప్పి సంగతి, మందు అందరికీ పనిచేయకపోవచ్చన్న సంగతి చెప్పాకే సూది పట్టుకున్నాను. రాని ఆరుగురి మందు సాయంత్రం పారబోశాం. అది నా మూలాన పోయిన మందు.

చలికాలంలో ఫ్లూ జ్వరం మళ్ళీ వచ్చింది. అంతకు ముందు ఏడాదంత ఉధృతంగా కాదు. పోలయ్యకు నాలుగు రోజులు కాసి తగ్గింది. సూది వల్లే బతికాడని చెప్పడానికి లేదు. అలా లెక్క తేల్చడానికి మేము వేసినవాళ్ళు మరీ తక్కువ. ఆదెమ్మకు రెండు సూదులూ పడ్డాయి. ఆమె మాత్రం ఆ జ్వరంతోనే ఆయాసం ముదిరి, మా వార్డులో మూడో మంచం మీద పోయింది.

పదకొండో రోజు దాటాక ఆమె కొడుకు ఆసుపత్రికి వచ్చాడు. నిలదీయడానికే వచ్చాడనుకుని లేచి నిలబడ్డాను.

"మా అమ్మ చెప్పింది నర్సమ్మా, అందరికీ పనిచేయకపోవచ్చునని నువ్వు ముందే చెప్పినావని. ఇంటికాడ మా నాయనకి కూడా ఆయాసమే. మందు మిగిలుంటే ఆయనకి ఎయ్యి" అన్నాడు.

మందు మిగల్లేదు. మళ్ళీ వస్తుందో రాదో అప్పటికి తెలియదు; మరుసటి ఏడాది రానే లేదు. ఉన్న సంగతే అతనికి చెప్పాను. తలూపి, తండ్రి కోసం దగ్గు మిక్చరు పట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు పనిచేసి మేట్రన్‌గా రిటైరయ్యాను. మందు విఫలమైనా రోగి ఇంటివాళ్ళు మళ్ళీ మన గడప తొక్కుతారు, మనం చెప్పినదానికీ జరిగినదానికీ తేడా లేకపోతే. నా కింద శిక్షణకు వచ్చిన ప్రతి అమ్మాయికీ సిరంజీ పట్టుకోవడం కంటే ముందు ఇదే నేర్పాను.